గేరు పడనంటే ముందు ఇంజిన్ ఆపాలి

గేరు పడట్లేదని షెడ్డుకి వచ్చిన పికప్‌కి మొట్టమొదట చెయ్యాల్సిన పని ఇంజిన్ ఆపెయ్యడం. ఆపాక క్లచ్ తొక్కి, ఫస్టు నుంచి టాప్ దాకా, ఆఖర్న రివర్సుతో సహా ఒక్కొక్క గేరూ వేసి చూడాలి. అన్నీ మెత్తగా పడి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యగానే నిలబడిన బండిలో మళ్లీ ఒక్కటీ పడనంటే లోపం క్లచ్ వైపు ఉంది. ఇంజిన్ ఆగి ఉన్నా రాడ్డు మొరాయిస్తుంటే క్లచ్‌ని పక్కనపెట్టి, రాడ్డు దగ్గర్నుంచి గేర్‌బాక్సు లోపలి దాకా వెతుక్కుంటూ పోవాలి. నిమిషం పట్టే పరీక్ష ఇది. పనిముట్లు అక్కర్లేదు, బండి కిందికి దూరక్కర్లేదు. ఈ ఒక్క నిమిషం పెట్టకుండానే మన ఊళ్లలో ఎన్నో గేర్‌బాక్సులు నేలమీదికి దిగుతున్నాయి. కూలీ పోతోంది, లోడు పాడవుతోంది, ఒక్కోసారి అసలు జబ్బు అలాగే మిగిలిపోతోంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పరీక్ష ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతా వెతుకులాట అంతా తేలికవుతుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ దాని వెనక ఫ్లైవీలు తిరుగుతుంది. ఫ్లైవీలుకీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య నొక్కుకుని ఉండే క్లచ్ ప్లేటు ఆ తిరుగుడుని గేర్‌బాక్సులోకి వెళ్లే షాఫ్టుకి అందిస్తుంది. పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేటు పట్టు వదులుతుంది, కొద్ది క్షణాల్లో షాఫ్టు ఆగుతుంది. నిలబడి ఉన్న బండిలో గేరు పడాలంటే ఆ షాఫ్టు ఆగాలి. పెడల్ అడుగంటా తొక్కినా ప్లేటు వెంట్రుకవాసి రాసుకుంటున్నా చాలు, షాఫ్టు తిరుగుతూనే ఉండి గేరుని రానివ్వదు, వచ్చినా గరగరమనిపిస్తుంది. ఇంజిన్ ఆపితే తిరిగేదే లేదు కనక గేరు పడిపోతుంది. ఒక్కోసారి ఇంజిన్ ఆపాక కూడా ఏదో ఒక గేరు దగ్గర రాడ్డు అడ్డం తిరుగుతుంది. పన్నుకి పన్ను ఎదురుపడి ఉంటుందంతే. బండిని జానెడు ముందుకో వెనక్కో తోస్తే సర్దుకుంటుంది, దాన్ని జబ్బు కింద లెక్కెయ్యకూడదు.

‘గేరు పడట్లేదు’ అన్న ఒక్క మాట కింద మనవాళ్లు నాలుగైదు వేర్వేరు జబ్బులు చెబుతారు. రెయిజ్ చేస్తే ఇంజిన్ మోగుతుంది గానీ బండి లాగదు, అది క్లచ్ జారడం. తొక్కినా ప్లేటు విడవదు, అది క్లచ్ వదలకపోవడం. ఈ రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. పడిన గేరు కాసేపటికి తన్నేస్తుంటే అది ఇంకో సంగతి. గేరు పడింది గానీ బండి కదలట్లేదంటే యాక్సిల్ విరిగి ఉండొచ్చు, ఫోర్‌వీల్ డ్రైవ్ బండి అయితే రెండో రాడ్డు న్యూట్రల్‌లో ఉండిపోయి ఉండొచ్చు. అందుకే స్పానరు పట్టుకునే ముందు డ్రైవర్ని కూర్చోబెట్టి అడగాలి. ఎప్పట్నుంచి ఇలా ఉంది? పొద్దున్నే ఉందా, వేడెక్కాక వస్తోందా? అన్ని గేర్లా, ఒక్కటేనా? ఈమధ్య క్లచ్ పని ఏమైనా చేయించారా? రోజుకి పన్నెండు గంటలు ఆ పెడల్ మీద కాలు పెట్టేవాడు చెప్పే సాక్ష్యం కంటే గట్టి సాక్ష్యం లేదు. ‘అర క్లచ్‌లో నడిపి చంపేశావు’ అని అతని మీద అరిచేస్తే ఆ సాక్ష్యం మూగబోతుంది.

ఒక వేసవిలో మా బాబాయి పికప్ నూజివీడు తోటల నుంచి మామిడికాయల లోడుతో నున్న మార్కెట్‌కి బయల్దేరి, ఆగిరిపల్లి దాటాక గేరు పడక ఆగిపోయింది. రాత్రి పదకొండు. డ్రైవరు కుర్రాడు ఇంజిన్ ఆపి, ఫస్టులో పెట్టి, అలాగే స్టార్ట్ చేసి ఎలాగో రోడ్డు పక్క షెడ్డుకి చేర్చాడు. అక్కడున్నాయన క్లచ్ ఆయిల్ డబ్బా చూశాడు. నిండుగా ఉంది. ఎక్కడా కారిన తడి లేదు. ‘క్లచ్ బాగానే ఉంది, గేర్‌బాక్సు దించాలి’ అన్నాడు. కాయ వేడెక్కిపోతుందని బాబాయి ఒకటే గాభరా. తెల్లారేదాకా ఆగలేక, తెలిసిన పెద్ద మేస్త్రీని లేపి తీసుకొచ్చాడు. నేనూ వెంట వెళ్లాను.

మేస్త్రీ ముందు చక్రాలకి రాళ్లు పెట్టించాడు. ఇంజిన్ ఆపించి గేర్లన్నీ వేయించాడు. అన్నీ పడ్డాయి. స్టార్ట్ చేయించాడు. ఒక్కటీ పడలేదు.

‘ఒరే అబ్బాయ్, క్లచ్ నాలుగుసార్లు గబగబా తొక్కు. తొక్కి పట్టుకో. ఇప్పుడెయ్యి.’

‘పడింది మేస్త్రీ గారూ!’

‘పట్టుకునే ఉండు. కాలు తియ్యకు.’

కుర్రాడు కాలు తియ్యలేదు. పెడల్ అడుగున ఉంది. పావు నిమిషం గడిచేసరికి, క్లచ్ తొక్కి ఉండగానే, బండి తనంతట తాను రాళ్ల మీదికి ఒక్క నెట్టు నెట్టి ఆగిపోయింది. మేస్త్రీ ఆయిల్ డబ్బా మూత తీసి చూపుడువేలు ముంచి లైటు కింద పెట్టాడు. వేలు కాటుక డబ్బాలో పెట్టి తీసినట్టుంది. ‘రబ్బరు కరిగింది’ అన్నాడు. క్లచ్ మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు కప్పు అంచు అరిగిపోయి, తొక్కిన ఒత్తిడి ముందుకి పోకుండా కప్పు పక్కనుంచి వెనక్కి జారిపోతోంది. బయటికి చుక్క కారదు, డబ్బాలో మట్టం తగ్గదు. మొదటి షెడ్డాయన చూసిందీ నిజమే, చూసినదాన్నుంచి తేల్చిందే తప్పు.

హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండ్లలో గేరు పడకపోతే నా లెక్కలో మొదటి అనుమానం ఇదే. పెడల్ కింద మాస్టర్ సిలిండరు, గేర్‌బాక్సు పక్కన స్లేవ్ సిలిండరు, వాటి మధ్య సన్నటి పైపు, దాన్నిండా బ్రేక్ ఫ్లూయిడ్. నాలుగుసార్లు తొక్కితే పని చేసి, ఆగితే మానేస్తే పైపులో గాలైనా చేరి ఉండాలి, కప్పయినా అరిగి ఉండాలి. తొక్కి పట్టుకున్నప్పుడు పట్టు జారిపోతే కప్పే. బయటికి కారితే రెండు చోట్ల తెలుస్తుంది. మాస్టర్ కారితే క్యాబిన్ లోపల పెడల్ పైనున్న రాడ్డు తడిగా ఉండి, దాని కింద పెయింటు పొరలు పొరలుగా లేస్తుంది. స్లేవ్ కారితే దాని రబ్బరు టోపీ పక్కకి లాగగానే ఫ్లూయిడ్ బొటబొటా రాలుతుంది. కొన్ని బండ్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకే డబ్బా ఉంటుంది. క్లచ్‌కి పోయే గొట్టం కాస్త పైన ఉంటుంది కాబట్టి ఫ్లూయిడ్ తగ్గినప్పుడు ముందు క్లచ్ మొరాయిస్తుంది. అలాంటి బండిలో గేరు పడకపోవడమంటే బ్రేకుల గురించి వచ్చిన హెచ్చరిక. ఫ్లూయిడ్ పోసి పంపేస్తే సరిపోదు, అది ఎటు పోయిందో తేల్చాకే బండి కదలాలి.

ఫ్లూయిడ్‌ని మనవాళ్లు పట్టించుకోరు. అది గాల్లో చెమ్మని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు మరగడానికి కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. చెమ్మ పట్టాక ఆ కనీసం 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ లెక్క 230, 155. చెమ్మ లోపలి ఇనుముని తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు రబ్బరుని గీరుతుంది. ఫ్లూయిడ్ లేదని చేతికందిన ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి మొత్తం వ్యవస్థ మార్చుకోవాల్సి వస్తుంది. సీలు కిట్ వెయ్యాలా, సిలిండరే మార్చాలా అన్నదాని మీద షెడ్డుకో మాట వినిపిస్తుంది. సిలిండరు లోపలి గోడ అద్దంలా ఉంటే కిట్ చాలు. గోటికి తగిలే గీత ఒక్కటున్నా కొత్త కప్పునీ అది కోసేస్తుంది, అప్పుడు కిట్ మీద పెట్టిన డబ్బు దండగ.

కేబుల్ క్లచ్ బండ్లలో వెతుకులాట ఇంకా సులువు. 2005లో వచ్చిన టాటా ఏస్ తర్వాత చిన్న బండ్లు పల్లెల్లోకి చొచ్చుకుపోయాయి, వాటితోపాటు కేబుల్ కష్టాలూ వచ్చాయి. కేబుల్ తెగే ముందు చెబుతుంది. పెడల్ గట్టిపడుతుంది, తొక్కుతుంటే కిర్రుమంటుంది, లోపల తీగలు ఒక్కొక్కటీ తెగుతూ గేరు రోజురోజుకీ బరువెక్కుతుంది. అడ్జస్ట్‌మెంటు వదులైతే పెడల్ సగం దూరం ఖాళీగా పోయి, మిగతా సగం క్లచ్‌ని విడదియ్యడానికి చాలదు. మరీ బిగిస్తే ఈసారి క్లచ్ జారుతుంది. ఎంత ఖాళీ ఉండాలన్నది ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని చూసే బిగించాలి. ఇంతకంటే చిన్న కారణమూ ఉంది. వానాకాలం బురదకని వేసిన మందపాటి మ్యాటు పెడల్ కిందికి జరిగి, పెడల్‌ని అడుగంటనివ్వదు. మ్యాటు లాగేస్తే గేరు పడుతుంది.

పెడల్, ఫ్లూయిడ్, కేబుల్ అన్నీ సరిగా ఉండి, స్లేవ్ రాడ్డు నిండుగా కదులుతున్నా క్లచ్ వదలకపోతే అప్పుడు లోపలి సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకి వీధులే మునిగినప్పుడు ఈ జబ్బు దండిగా రావాల్సిన పరిస్థితి ఏర్పడింది. నీళ్లు ఫ్లైవీలు దాకా ఎక్కి, బండి రోజుల తరబడి కదలకుండా నిలబడితే, క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకి అతుక్కుపోతుంది. పెడల్ హాయిగా దిగుతుంది, ప్లేటు మాత్రం ఊడిరాదు. మనుషులెవరూ లేని ఖాళీ స్థలంలో క్లచ్ తొక్కి, గేరులో ఉంచి స్టార్ట్ చేసి, యాక్సిలరేటరు ఇస్తూ తీస్తూ పోతే చాలాసార్లు ఆ అతుకు టప్పున విడిపోతుంది. మునిగిన బండిని స్టార్ట్ చేసే ముందు ఇంజిన్‌లోకి నీళ్లు పోలేదని తేల్చుకోవాలి, లేకపోతే క్లచ్ కోసం పోయి ఇంజిన్ పోగొట్టుకుంటాం. గేర్‌బాక్సు ఆయిలూ విప్పి చూడాలి. గాలి కోసం పెట్టిన గొట్టంలోంచి నీళ్లు దూరితే ఆయిల్ పాలు కలిపిన టీలా వస్తుంది.

కొత్తగా క్లచ్ సెట్ వేశాకే మొదలైన జబ్బయితే దారి వేరు. ప్లేటు వెనకాముందూ తిరగేసి బిగించి ఉండొచ్చు. ఇంకో కారణం ఎవరూ బయటికి చెప్పరు. గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు కింద జాకీ సరిగా పెట్టకుండా, దాని బరువంతా క్లచ్ ప్లేటు బొడ్డు మీద వేలాడదీస్తే ప్లేటు వంగుతుంది. కంటికి కనపడని ఆ వంపు చాలు, తిరిగినప్పుడల్లా ఒక పక్క రాసుకోడానికి. కొత్త సెట్ కాబట్టి క్లచ్ బాగుందనుకుని గేర్‌బాక్సుని అనుమానిస్తారు. ఫ్లైవీలు మధ్యలో షాఫ్టు కొసని పట్టుకునే చిన్న బేరింగు బిగిసినా ఇంతే. ప్లేటు పూర్తిగా విడిపోయినా ఆ బేరింగే షాఫ్టుని తిప్పుతుంటుంది. గేర్ల వేగాలు కలిపే సింక్రో ఏర్పాటు రివర్సుకి లేని బండి అయితే ఇది ఒక పరీక్షతో బయటపడుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా క్లచ్ తొక్కి, ఏడెనిమిది క్షణాలు ఆగి రివర్సు వెయ్యాలి. అప్పటికీ గరగరమంటే షాఫ్టుని ఏదో ఇంకా తిప్పుతోందన్నమాట.

ఇక ఇంజిన్ ఆపినా పడని గేరు. బండి కిందికి ఒకళ్లు చేరాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టి. ఇంకొకళ్లు లోపల రాడ్డు కదపాలి. రాడ్డు నిండుగా కదిలి, గేర్‌బాక్సు మీది లివరు సగమే కదిలితే లోపం మధ్యలో ఉంది. చాలాసార్లు దొరికేది చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ బుష్. అరిగిందో, ఎండకి పెళుసెక్కి పగిలిందో, కేబుల్ కొస ఊడి వేలాడుతుంటుంది. విరిగిన గేర్‌బాక్సు మౌంటింగు కూడా ఇదే కథ నడిపిస్తుంది. లోడు పడినప్పుడు బాక్సు పక్కకి ఒరిగి, రాడ్డు కొలతలన్నీ తప్పుతాయి.

ఈ చిన్న ముక్కల మహిమ అమెరికాలో బాగా కనపడింది. అక్కడ మనవాళ్లు నడిపే పికప్‌లు దాదాపు అన్నీ ఆటోమేటిక్, క్లచ్ పెడలే ఉండదు. 2018లో ఫోర్డ్ సుమారు మూడున్నర లక్షల ఎఫ్-150 పికప్‌లనీ ఎక్స్‌పెడిషన్‌లనీ వెనక్కి పిలిచింది. గేరు కేబుల్‌ని పట్టి ఉంచే క్లిప్పు సరిగా కూర్చోకపోవడమే కారణం. 2022లో అదే కంపెనీ కేబుల్ బుష్ పాడవుతోందని సుమారు 29 లక్షల కార్లనీ వ్యాన్లనీ పిలిచింది. లివరు పార్క్ చూపిస్తుంటుంది, బాక్సు లోపల ఇంకో గేరుంటుంది. దిగి వెళ్లిపోతే బండి దొర్లుకుంటూ పోతుంది. అందుకే ఆటోమేటిక్‌లో కూడా హ్యాండ్‌బ్రేక్ వెయ్యడం మానకూడదు.

ఆటోమేటిక్ పార్క్‌లోంచి రానంటే ముందు వెనక్కి వెళ్లి బ్రేక్ లైట్లు చూడాలి. 2010 సెప్టెంబరు 1 నుంచి అమెరికా కోసం తయారైన తేలికపాటి బండ్లలో బ్రేకు తొక్కితే తప్ప పార్క్ విడవకూడదన్నది చట్టం. తోడు లేకుండా బండిలో వదిలిన పిల్లలు లివరు లాగేసి జరిగిన చావుల తర్వాత వచ్చిన నియమం ఇది. చాలా బండ్లలో బ్రేక్ లైట్లని వెలిగించే స్విచ్చే ఈ తాళానికీ కబురు చెబుతుంది. లైట్లు వెలగకపోతే స్విచ్చో ఫ్యూజో పోయి ఉంటుంది, ట్రాన్స్‌మిషన్ నిక్షేపంలా ఉంటుంది. లివరు కదిలి, బండి మాత్రం రెండు మూడు క్షణాలు ఆలోచించి కదులుతుంటే ఫ్లూయిడ్ మట్టం చూడాలి. మన దగ్గర 2022లో వచ్చిన ఏస్ ఈవీ లాంటి కరెంటు బండ్లలో క్లచ్చూ లేదు, ఈ తంటాలూ లేవు.

క్లచ్ సరిగా వదులుతోంది, రాడ్డూ బుష్‌లూ బాగున్నాయి, నిలబడినప్పుడు అన్ని గేర్లూ పడుతున్నాయి, కదిలేటప్పుడు మాత్రం ఒక్క గేరే గరగరమంటోంది. ఇప్పుడు గేర్‌బాక్సు లోపలికి చూడొచ్చు. వేర్వేరు వేగాల్లో తిరిగే రెండు భాగాల్ని ఒకే వేగానికి తెచ్చి కలిపే ఇత్తడి రింగుల ఏర్పాటే సింక్రో. కాడిలాక్ కార్లలో 1928లో అది వచ్చేదాకా ఆ పని డ్రైవరు కాలే చెయ్యాల్సి వచ్చేది. మన పాత లారీ డ్రైవర్లకి ఆ విద్య వెన్నతో పెట్టింది. క్లచ్ తొక్కి న్యూట్రల్, వదిలి కాస్త రెయిజు, మళ్లీ తొక్కి కింది గేరు. ఆ డబుల్ క్లచ్ ఇప్పుడు మంచి పరీక్షగా పనికొస్తుంది. మామూలుగా వేస్తే గరగరమనే గేరు డబుల్ క్లచ్‌తో మెత్తగా పడితే ఆ గేరు సింక్రో రింగు అరిగింది. ఈ పరీక్ష నేర్పినవాళ్లు స్కూలు మొహం చూడని డ్రైవర్లు, వాళ్లంటే నాకు గొప్ప గౌరవం.

గేర్‌బాక్సులో ఏ రకం ఆయిల్ పొయ్యాలన్న వాదన తెగలేదు. జీఎల్-5 పెద్ద నంబరు కాబట్టి మేలైందని అమ్మేవాళ్లున్నారు. పళ్లు ఒకదానిమీదొకటి గట్టిగా రాసుకునే డిఫరెన్షియల్‌కి అది మేలే. సింక్రో ఇత్తడి మాట వేరు. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం, భాస్వరం మందులు కొన్ని రకాల్లో ఇత్తడిని తినేస్తాయి. పైగా సింక్రో రింగు పని చెయ్యాలంటే కాస్త పట్టు కావాలి, మరీ జారుడు ఆయిల్‌లో అది పట్టదు. కంపెనీ జీఎల్-4 అని రాస్తే జీఎల్-4 పోయడమే సరి. లంబసింగి లాంటి చోట్ల చలికాలం తెల్లవారుజామున కూరగాయల బండ్లకి రెండో గేరు బిర్రుగా పడి, నాలుగైదు కిలోమీటర్లు నడిచాక సర్దుకుంటే ఆయిల్ చిక్కబడిందంతే, లోపల ఏదీ విరగలేదు.

ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ బోల్టు కొసన అయస్కాంతం ఉంటే దాన్ని తుడవకుండా చూడాలి. బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల. ఆయిల్‌లో బంగారు పొడిలా మెరిస్తే ఇత్తడి రింగులు పోతున్నాయి. గోటికి తగిలే ఇనుప తునకలు దొరికితే పన్ను విరిగింది, ఇక బాక్సు దించక తప్పదు.

దించక తప్పనప్పుడు దించాలి. దించినప్పుడు రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు నడుమ బేరింగు, ఇంజిన్ వెనక ఆయిల్ సీలు చూడకుండా తిరిగి ఎక్కించకూడదు. వాటి ఖరీదు తక్కువ, వాటి కోసం మళ్లీ దించే కూలీ ఎక్కువ. దించడానికి ఒప్పుకునే ముందు ఓనరు మూడు ప్రశ్నలు అడగాలి. ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూశారా? పెడల్ తొక్కి పట్టుకుంటే ఏమైంది? కింద లివరు నిండుగా కదులుతోందా? పాత సామాను సంచిలో వేసి ఇమ్మని కూడా అడగాలి. ఆ రాత్రి మేస్త్రీ మార్చిన రబ్బరు కప్పు ఇప్పటికీ బాబాయి ఇంట్లో తాళాల గిన్నెలో ఉంది. రూపాయి బిళ్ల కంటే చిన్నది, ఒక పక్క అంచు నమిలినట్టుంటుంది. లోడు తెల్లవారుజామున నాలుగింటికి నున్న చేరింది.